ఎర్రగా అని ఎవరన్నారండీ?

చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ చూసి నాకు ఒళ్ళు మండింది. కింద రాసిన పేరు పోయిన మా డాక్టరమ్మదే. పైన ఉన్న మొహం మాత్రం ఎవరో కొత్త పెళ్ళికూతురిది. తెల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంది. ఆమె నల్లటి మనిషి. మర్యాద కోసం చామనఛాయ అంటామే, అది కాదు. నలుపే. ఎడమ చెంప మీద చిన్నప్పుడు చెరుకు ఆకు కోసిన గీత ఒకటి ఉండేది. నవ్వినప్పుడు ఆ గీత చెవి దాకా సాగేది. ఫ్లెక్సీలో ఆ గీతా లేదు, ఆ నలుపూ లేదు. సంతాప సభ పెట్టింది మా కాలనీ సంఘం వాళ్ళే కాబట్టి సంఘం పెద్దాయనను అక్కడే నిలదీశాను.

"గామె నలుపు మీకు గూడ ఎరికనే గద మేడం. పోయిన మనిషిని నల్లగ ఎట్ల పెడ్తం? మంచిగుండది. ఫ్లెక్సాయన్నే మంచిగ చేసిచ్చిండు" అన్నాడాయన.

"ఆమె బతికి ఉంటే దీన్ని మీ చేతనే చింపించేది" అన్నాను.

"మీరు బాధల ఉన్నరు. ఇంటికి వోయి జెర్ర రెస్టు తీసుకోండ్రి" అన్నాడు. బాధ కాదు నాయనా, కోపం. బాధ అయితే ఇంట్లో కూర్చుని ఏడ్చేదాన్ని, ఇలా కాగితం ముందేసుకునేదాన్ని కాదు. ఆమె పేరు మాత్రం రాయను. పేరు రాస్తే మా నిజామాబాద్ జనానికి ఆ ఫ్లెక్సీ మొహమే గుర్తుకొస్తుంది.

ఆమె చర్మవ్యాధుల డాక్టరు. బస్టాండు వెనక సందులో ముందు కొంచెం వాకిలి ఉన్న చిన్న దవాఖాన. తనను తాను 'తోలు డాక్టరు' అనుకునేది, జనం 'డాక్టరమ్మ' అనేవాళ్ళు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద చెరుకు వేసుకుని స్థిరపడిన కుటుంబం ఆమెది. అందుకని ఆమె నోట్లో రెండు తెలుగులు ఉండేవి. ఆడవాళ్ళ చేతులు పట్టుకుని మాట్లాడేటప్పుడు అచ్చంగా మాలాగే "ఏమైంది బిడ్డా, ఎన్నొద్దులాయె?" అనేది. కోపం వస్తే మాత్రం వాళ్ళ నాయనమ్మ తెలుగులోకి వెళ్ళిపోయేది. ఆ తెలుగులో ఎక్కడలేని మర్యాద. "ఎవరు చెప్పారండీ? మీరేనా అండీ? ఏదీ, ఇలా రండీ." ఆమె నోట వరుసగా రెండు 'అండీ'లు వచ్చాయంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే. కాంపౌండరు మెల్లగా బయటికి జారుకునేవాడు.

ట్యూబులైటు అంటే ఆమెకు పగ. "ఈ లైటు కింద నేను కూడా అందగత్తెనే" అని రోగిని రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చేది. బయట వేపచెట్టు పక్కన ఒక ఇనుప కుర్చీ వేసి ఉండేది. పరీక్ష అంతా అక్కడే. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారని ఎవరైనా కొంగు కప్పుకుంటే, రోడ్డు మీద నిలబడ్డవాళ్ళ మీదికి అరిచేది. గోళ్ళ మొదట్లో ఒక చుక్క కొబ్బరినూనె వేసి, భూతద్దంలోంచి చాలాసేపు చూసేది. అక్కడ సన్నటి రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూస్తున్నానని చెప్పేది. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు ఇది తమాషాగా ఉండేది. "గోర్లల్ల ఏముంటది డాక్టరమ్మ, తంబాకు తప్ప?" అనేవాళ్ళు. ఆమె నవ్వేది. ఆ గీత సాగేది.

మెడికల్ షాపు వాళ్ళు అమ్మే తెల్లబడే క్రీములను ఎవరైనా సంచీలోంచి తీస్తే ఆ నవ్వు మాయమయ్యేది. ట్యూబు మూత తీసి, వాళ్ళ కళ్ళముందే చివరిదాకా మోరీలోకి పిండేది. "వద్దు డాక్టరమ్మ, కొత్తది" అని ఒకావిడ మొత్తుకుంటే, "కొత్తది కాబట్టే. పాతదైతే నీ మొఖం మీదనే ఉంటుండె కద" అంది. ఎదురుగా ఉన్న మెడికల్ షాపు అతను ఆమెకు కనబడకుండా అవతలి గల్లీ నుంచి తిరిగి పోయేవాడు.

నేను ఆమెను కలిసింది నా చెల్లె కోసం. నా చెల్లెను బోధన్‌లో ఇచ్చాం. మరిది ఆటో నడుపుతాడు. మామ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక ఇంటి ముందు గద్దె మీద కూర్చుండిపోయాడు. అత్తా కోడళ్ళు చాట ముందేసుకుని బీడీలు చుడతారు. మా చిన్నమ్మ బిడ్డ కూడా నా చెల్లె వెనకే అదే ఇంటికి చిన్నకోడలిగా వెళ్ళింది. అక్కాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చుని చేసుకునేవాళ్ళు. అలాంటిది నా చెల్లెకు పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. నోట్లో పుండ్లు. ముక్కు మీద నుంచి రెండు బుగ్గల మీదికీ నల్లగా ఒక మచ్చ పరుచుకుంది. ఎండలోకి వెళ్ళి వస్తే అది భగభగమనేదట.

అత్త తేల్చేసింది. "మంగు. గాజులేసుకున్న ఆడిదానికి రాకుంట ఉంటదా?" మంగు అంటే మా దగ్గర రోగం కాదు. పెళ్ళయిన ఆడవాళ్ళ బుగ్గల మీద వచ్చే నల్లమచ్చను ఎవరూ దవాఖానకు తీసుకుపోరు. అయినా నేను పట్టుబట్టి ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కంప్యూటరు మీద నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎండకు పోతే మొహం ఎర్రగా అవుతుందా?"

"ఎర్రగ గాదు సార్. నల్లగైతది" అంది నా చెల్లె.

"అయితే మంగే. క్రీము రాస్తున్నా." కీళ్ళ నొప్పులకు వేరే గోళీలు. తర్వాత ఇంకో డాక్టరు. అదే ప్రశ్న, అదే జవాబు, అలాంటిదే ఇంకో క్రీము. చదువుకున్న వాళ్ళు అడిగారు, నా చెల్లె నిజం చెప్పింది. అంతే జరిగింది. ఏడాది పైన అలా గడిచిపోయింది, ఆ ఏడాది మళ్ళీ రాదు.

చివరికి ఎవరో చెబితే ఈమె దగ్గరికి వచ్చాం. నా చెల్లెను చూడగానే రెక్క పట్టి వాకిట్లోకి తెచ్చి ఇనుప కుర్చీలో కూర్చోబెట్టింది. ఏ ప్రశ్నా వేయలేదు. గడ్డం పట్టుకుని మొహాన్ని అటూ ఇటూ తిప్పింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఏమైంది బిడ్డా మొఖానికి?"

"కమిలింది డాక్టరమ్మ" అంది నా చెల్లె.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నవ్? మళ్ళొకసారి అను."

"కమిలింది. ఎండకు పోయొస్తె కమిలిపోతది."

"మరి ఇన్ని రోజులు ఇదే మాట డాక్టర్లకు ఎందుకు చెప్పలే?"

"ఆల్లు ఎర్రగైతదా అని అడిగిండ్రు. ఎర్రగ గాదు అని సెప్పిన."

అప్పుడు మొదలైంది. "ఎర్రగా అని ఎవరన్నారండీ? ఆ మహానుభావులెవరండీ? ఈ పిల్ల మొహం ఎర్రగా ఎలా అవుతుందండీ? ఈ రంగు మీద ఎరుపు ఎక్కడ కనబడుతుందండీ?" అంటూ లోపలికి వెళ్ళి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి, బడిపంతులమ్మనని నా ఒళ్ళో పడేసింది. అందులో బొమ్మలన్నీ తెల్లవాళ్ళవి. ముక్కు మీద, బుగ్గల మీద ఎర్రగా రెక్కలు చాపిన మచ్చ. "చూశారా టీచరుగారూ! మీ చెల్లెలిదీ ఇదే. లూపస్ అంటారు. ఒంటికి కాపలా కాయాల్సిందే ఒంటిని కరుస్తుంది. కీళ్ళను కరుస్తుంది, తోలును కరుస్తుంది, లోపల కిడ్నీలను కూడా కరుస్తుంది. తోలు మీద ఏం జరుగుతుందో బయటికి కనబడుతుంది కదా, దాన్ని పట్టుకుంటే లోపలిది ముందే తెలుస్తుంది. కానీ వీళ్ళు ఎరుపు కోసం వెతుకుతారు!" అంది.

మూత్రం పరీక్ష చేయించింది. లూపస్‌కు వేరే రక్త పరీక్షలూ చేయించింది. కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నాయి. ఆ కాగితాన్ని ఆమె రెండుసార్లు చదివింది. ఒక్క 'అండీ' కూడా రాలేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

అప్పటి నుంచి ఆమెకు అదో పిచ్చి పట్టుకుంది. మన రంగు మనుషుల్లో ఈ జబ్బులు తోలు మీద ఎలా కనబడతాయో, వాళ్ళు వాటిని ఏ మాటల్లో చెబుతారో పరిశోధన చేయాలనుకుంది. గ్రాంటు లేదు, పెద్ద కాలేజీ పేరు లేదు. ధర్పల్లి నుంచి బోధన్ దాకా తన పాత కారులో తిరిగింది. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను కాబట్టి మాటల పని నాకు అప్పగించింది. ఒకరోజు నేరుగా మా స్టాఫ్ రూములోకే వచ్చేసింది.

"కందింది, కమిలింది. ఈ రెండిటికీ తేడా చెప్పండి."

"తెల్లటి పిల్ల బుగ్గ గిల్లితే కందింది అంటాం. మాలాంటి వాళ్ళకు కమిలిపోతుంది" అన్నాను.

బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. చాయ్ గ్లాసులు ఎగిరిపడ్డాయి. "అదీ! కందిన వాళ్ళ కోసం పుస్తకం రాసి, కమిలిన వాళ్ళ దగ్గర పరీక్ష పెడుతున్నారు. పైగా ఫెయిలయింది వీళ్ళట!" మా హెడ్మాస్టరు ఏదో గొడవ అనుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆయన చేతిని కూడా పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గోళ్ళు చూసింది.

పరిశోధనకు ఫోటోలు కావాలి. మందు మొదలుపెట్టక ముందువే కావాలి, ఎందుకంటే మందు పడితే మచ్చ పలచబడుతుంది. ఆమె దగ్గరున్న కెమెరా పాడైపోవడంతో బోధన్‌లో ఒక ఫోటో స్టూడియో అతన్ని మాట్లాడింది. నా చెల్లె మొదలుకుని, జబ్బు బయటపడ్డ ప్రతి ఆడమనిషినీ ఆ రోజే, మొదటి గోళీ వేసుకోకముందే అతని దగ్గరికి పంపి, పగటి వెలుతురులో దగ్గరి నుంచి తీయమని చెప్పింది. ఫోటోలు తయారయ్యాయని ఫోన్ వస్తే నేనూ ఆమె వెంట వెళ్ళాను.

అతను కవరు తెరిచి ఫోటోలు బల్ల మీద పరిచాడు. అందరూ పెళ్ళిచూపులకు కూర్చున్నట్టున్నారు. మచ్చ లేదు, పుండు లేదు, నలుపు కూడా సగానికి సగం తగ్గిపోయింది. నా చెల్లె బుగ్గలు అద్దంలా మెరుస్తున్నాయి.

ఆమె ఫోటోలను ఒక్కొక్కటే తిప్పి చూసింది. "మచ్చలేవి?"

"తీసేసిన మేడం" అన్నాడతను సంతోషంగా. "ఒక్కొక్కరికి మస్తు టైం వట్టింది. పాపం, ఆల్ల మొఖాలు మొత్తం ఖరాబున్నయి. అందర్నీ మంచిగ చేసిన. దానికి మీ దగ్గర ఎక్కువ తీసుకోను, ఆల్లు బీమార్లున్నరు గద."

"అసలువి ఎక్కడున్నాయండీ?"

"గవ్వి ఎందుకు మేడం, డిలీట్ కొట్టిన. మీకు గవి ఎవల్కన్న సూపెట్టేటందుకే గద?"

ఇక్కడ ఆమె అతన్ని చీల్చి చెండాడుతుందని నేను గోడకు ఆనుకున్నాను. ఆమె కుర్చీలో కూలబడి చేతుల్లో మొహం దాచుకుంది. అతను కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. నిజానికి అతను పాపాత్ముడు కాదు. మా ఊళ్ళో ఏ ఆడపిల్ల ఫోటో అయినా తెల్లబరిచే ఇస్తారు, అది వాళ్ళ మర్యాద. ఆ మర్యాద మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ ఆడవాళ్ళు జీవితంలో మొదటిసారి తమ మొహాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించడానికి ఒప్పుకుంటే, దాన్ని కూడా తుడిచేశారు. వాళ్ళందరికీ అప్పటికే మందులు మొదలయ్యాయి. ఆ మచ్చలను మళ్ళీ తెప్పించి ఫోటో తీయలేం కదా.

తర్వాత ఆమె తన ఫోనుతోనే కొత్త రోగులవి తీసి, ఫోను దానంతటదే నునుపు చేయకుండా సెట్టింగులన్నీ పీకేసి, మొత్తానికి ఒక వ్యాసం తయారుచేసింది. హైదరాబాదులో డాక్టర్ల సభలో చూపించడానికి వెళ్ళింది. తిరిగొచ్చాక బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చుని చెప్పింది.

"ఒకాయన లేచాడు. పెద్దాయన. మీ ఫోటోల క్వాలిటీ బాగాలేదు, ఎరుపు కనబడటం లేదు, అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఎరుపు కనబడదని చెప్పడానికే వచ్చానండీ అన్నాను. మళ్ళీ అదే అన్నాడు. లైటు బాగా పెట్టి తీయాల్సింది, అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. కమిలింది అన్న మాటకు ఇంగ్లీషు లేదు కాబట్టి అది లక్షణం కాదట. భోజనాలకు టైమయిందని మైకు తీసేసుకున్నారు." చాయ్ తాగకుండానే లేచింది. "వాళ్ళ భోజనాలు చల్లారిపోతాయండీ!" అని హోటలంతా వినబడేలా అరిచింది. పాపం, చాయ్ పోసే అతను తననే అన్నదనుకుని ప్లేటు సమోసాలు వేడి చేసి తెచ్చాడు.

నా చెల్లె ఇంకొన్నాళ్ళు బతికింది. బతికింది అనాలా? నిజామాబాద్‌కు డయాలిసిస్‌కు తిరిగింది. గోళీలకు మొహం ఉబ్బితే బోధన్‌లో ఆడవాళ్ళు "మంచిగ తిని బలిసింది" అన్నారు. గోళీల మోతాదు తగ్గించినప్పుడల్లా ఆ మచ్చ మళ్ళీ వచ్చేది. చివరికి ఛాతీలో ఇన్ఫెక్షను చేరి పోయింది. ఏడాది ముందే ఎవరైనా సరైన మాట అడిగి ఉంటే ఎక్కువకాలం ఉండేదేమో అని డాక్టరమ్మ నాతో దాచకుండా చెప్పింది. అబద్ధం చెప్పి ఓదార్చనందుకు నేను ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ రోజు బోధన్‌లో శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించి పసుపు రాస్తున్నారు. అత్త తల దగ్గర కూర్చుని ఉంది. "ముత్తైదువగ వోయింది, అదృష్టవంతురాలు. పసుపు దట్టంగ రాయుండ్రి. బుగ్గల మీద నల్లమరక అవుపడొద్దు" అంటోంది. అప్పుడే గేటు తీసుకుని ఆమె లోపలికి వచ్చింది. చెప్పులు విడిచి శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కాసేపు చూసి, "తడిగుడ్డ ఇవ్వండి" అంది.

ఆమె నా వైపు చూసింది. నా కొంగు బిందెలో ముంచి పిండి నేనే ఇచ్చాను. ఆమె మెల్లగా, పసిపిల్ల మూతి తుడిచినట్టు, ముక్కు మీదా బుగ్గల మీదా ఉన్న పసుపు తుడిచేసింది. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఒకావిడ "పాపం తగుల్తది" అని అరిచింది.

"బతికున్నన్ని రోజులు ఎవరూ సూడలే. ఇప్పుడన్న సూడుండ్రి" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఈ పిల్లను చంపింది లోపల ఉంది. దాని గుర్తు ఇదిగో, ఇంత పెద్దగా మొఖం మీదనే ఉండె. మీరు మంగు అని పేరు పెట్టిండ్రు, డాక్టర్లు కూడ అదే పేరు పెట్టిండ్రు. ఎవరూ చూడలే."

అత్త వంగి చూసింది. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒకే చాటలో తంబాకు పోసుకుని, ఆ మొహాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలనుకుంటాను. "గిది మంగు గాదా డాక్టరమ్మ?" అంది.

"కాదు."

అప్పుడు కాళ్ళ దగ్గర కూర్చున్న మా చిన్నమ్మ బిడ్డ మెల్లగా కొంగు పక్కకు తీసింది. అప్పటిదాకా ఏడుస్తోందని మొహం కప్పుకుందనుకున్నాం. ముక్కు మీద నుంచి రెండు వైపులా అదే నలుపు, అప్పుడప్పుడే పరుచుకుంటోంది. డాక్టరమ్మ శవాన్ని వదిలి ఆమె ముందుకు జరిగింది.

"ఎప్పటి సంది బిడ్డా?"

"అక్క దవాఖానల ఉన్నప్పటి సంది. కీళ్ళు గూడ గుంజుతున్నయి. ఇంట్ల ఒక్క రోగం సాలదా అంటరని సెప్పలే."

ఆ మాట విని నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఇంటి మీద అరవాలా, ఊరి మీదా, ఆ కంప్యూటరు డాక్టర్ల మీదా? ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని బీడీలు చుట్టారు. ఒకరిని చూసి ఒకరు నోరు మూసుకోవడం నేర్చుకున్నారు.

"ఇది ఆ రోగమో కాదో పరీక్ష చేస్తేగాని తెల్వది. కానీ ఈరోజే చెయ్యాలె" అంది డాక్టరమ్మ. వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి. శవం లేచేదాకా ఇంటి కోడలు గడప దాటకూడదు. అది అందరికీ తెలుసు. అందరూ అత్త వైపు చూశారు.

అత్త చాలాసేపు నా చెల్లె మొహమే చూసింది. తర్వాత తల ఎత్తకుండానే అంది. "డాక్టరమ్మ తోని నడువు బిడ్డ. శవం లేసేదాక ఆగకు."

ఆ ఒక్క మాటకు ఆ ఏళ్ళన్నీ మాఫీ కావు. నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. మా చిన్నమ్మ బిడ్డ చెప్పులు కూడా వేసుకోకుండా లేచి వెళ్ళింది. ఆమె ఇప్పుడు మందులు వాడుతూ బతికే ఉంది, కిడ్నీలు బాగున్నాయి. ఆ రోజు గేటు బయట కారు తలుపు మూసిన చప్పుడు విన్నాక, మిగిలిన వాళ్ళం మళ్ళీ శవం చుట్టూ కూర్చున్నాం. పసుపు గిన్నె అత్త చేతి పక్కనే ఉంది. మళ్ళీ రాయమని ఎవరూ అనలేదు.